కొలరాడోలో తోడేళ్లు: వేటగాళ్ల అభ్యంతరం అసలు దేనికి?

2020 నవంబరు 3న ట్రంప్ గెలుస్తాడా, బైడెన్ గెలుస్తాడా అని అమెరికా అంతా టెన్షన్‌గా చూస్తోంది. కొలరాడో ఓటర్ల బ్యాలెట్ మీద మాత్రం ఆ రోజు ఇంకో ప్రశ్న కూడా ఉంది. 1940ల నాటికి ఆ రాష్ట్రంలో తుడిచిపెట్టుకుపోయిన తోడేళ్లను బయటి నుంచి తెచ్చి మళ్లీ అడవుల్లో వదలాలా, వద్దా? ఆ ప్రతిపాదన పేరు ప్రపోజిషన్ 114. వదలాలన్నవాళ్లు 50.91 శాతం, వద్దన్నవాళ్లు 49.09 శాతం. 31 లక్షల పైచిలుకు ఓట్లు పడితే తేడా 57 వేల లోపే. ఒక మాంసాహార జంతువును తిరిగి తెమ్మని ఒక రాష్ట్ర ప్రజలే ఓటేసి చెప్పడం అమెరికాలో అదే మొదటిసారి.

వద్దన్నవాళ్లలో గట్టిగా మాట్లాడినవి రెండు వర్గాలు. ఒకటి, పశువుల మందలున్న రాంచర్లు. వాళ్ల బాధ ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది, దూడ పోతే డబ్బు పోయినట్టే. రెండో వర్గం వేటగాళ్లు. వీళ్ల సంగతే బయటివాళ్లకు సరిగా అర్థం కాలేదు. చంపడం సరదా అయినవాళ్లు పోటీ వస్తోందని గోల చేస్తున్నారని చాలామంది కొట్టిపారేశారు. వేటగాళ్లు పైకి చెప్పిందీ దానికి దగ్గరగానే ఉంది: తోడేళ్లొస్తే ఎల్క్‌లనే పెద్ద దుప్పులను తినేస్తాయి, మాకు మిగలవు అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ గొడవ వేళ్లు అక్కడ లేవు. అడవి జంతువుల మీద నిర్ణయం ఎవరిది, ఆ అడవికి ఇన్నాళ్లూ డబ్బు కట్టిందెవరు, రేపు తోడేళ్లు పెరిగాక తమకు అందులో చోటుంటుందా అన్నవే వాళ్లను కదిలిస్తున్న ప్రశ్నలు. ఎల్క్‌ల లెక్కలు వాటి మీద కప్పిన దుప్పటి.

మన దగ్గర ఈ గొడవ ఈ రూపంలో రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991 సవరణ వచ్చాక మన దేశంలో సరదా వేట అన్నదే లేదు, తోడేలు ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు మెట్ట భూముల్లో, గడ్డి బీళ్లలో తోడేలుతో తగువు ఉన్నది గొర్రెల కాపరికే. అమెరికాలో అలా కాదు. అక్కడ అడవి జంతువు రాష్ట్ర ప్రజలందరి ఉమ్మడి ఆస్తి. ఏ జంతువును ఎప్పుడు, ఎన్ని, ఏ ఆయుధంతో వేటాడవచ్చో రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా లెక్క కట్టి లైసెన్సులు అమ్ముతుంది. ఆ శాఖకు జీతాలొచ్చేది, సర్వేలు జరిగేది, అడవి జంతువుల కోసం భూములు కొనేది ప్రధానంగా ఆ లైసెన్సుల డబ్బుతోనే. దీనికి తోడు 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ఒకటుంది. రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వసూలు చేసి, ఆ డబ్బును రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే పంచుతారు. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది లెక్క కట్టేటప్పుడు అక్కడ ఎంతమంది లైసెన్సు కొన్నారో చూస్తారు.

కాబట్టి కొలరాడో వేటగాడు తనను తాను అడవి మీద పడి దోచుకునేవాడిగా ఎప్పుడూ అనుకోడు. ఆ అడవిని నిలబెట్టినవాడిననే అనుకుంటాడు. అందుకు చరిత్ర కూడా ఉంది. 19వ శతాబ్దం చివర్లో గనుల ఊళ్లకు మాంసం అమ్మేవాళ్లు విచ్చలవిడిగా కాల్చడం వల్ల ఆ రాష్ట్రంలో ఎల్క్‌లు దాదాపు అంతరించాయి. 1913, 1914ల్లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కు నుంచి కొన్ని ఎల్క్‌లను తెచ్చి ఎస్టెస్ పార్క్ అనే ఊరి పరిసరాల్లో వదిలారు. ఇలాంటి ప్రయత్నాలతో, సీజన్ల కట్టడితో, లైసెన్సుల డబ్బుతో మందలు మళ్లీ పెరిగాయి. ఇప్పుడు కొలరాడోలో 2 లక్షల 80 వేల నుంచి 3 లక్షల దాకా ఎల్క్‌లున్నాయి. ప్రపంచంలో ఇంకెక్కడా ఇన్ని లేవు. అంటే వేటగాళ్లు కాపాడుకోవాలంటున్న ఆ మందే ఒకప్పుడు బయటి నుంచి తెచ్చి వదిలిన జంతువుల సంతానం. తోడేళ్లను సమర్థించేవాళ్లు ఈ విషయం పదేపదే గుర్తు చేస్తారు, అందులో న్యాయం ఉంది. అయితే దానికి వేటగాళ్ల దగ్గర జవాబూ ఉంది: ఎల్క్‌లను తెచ్చినప్పుడు ఆ ఖర్చు మేమే భరించాం, ఆ పని మేం అడిగితేనే జరిగింది అని.

ఎల్క్ అంటే దుప్పి జాతిలో పెద్దది, ఎదిగిన మగది మూడు క్వింటాళ్ల పైనే తూగుతుంది. ఒక ఎల్క్ పడితే ఎముకలు తీసేశాక 80, 90 కిలోల మాంసం వస్తుంది. వెస్ట్రన్ స్లోప్ అని పిలిచే కొండల అవతలి పట్నాల్లో చాలా ఇళ్ల గ్యారేజీల్లో ఒక పెద్ద ఫ్రీజర్ ఉంటుంది, ఏడాది పొడుగునా కూరకు అందులోదే. రాష్ట్రంలో ఉండేవాడికి ఎల్క్ లైసెన్సు 60 డాలర్లు అటూ ఇటూ, బయటి రాష్ట్రం వాడికి 700 డాలర్ల పైమాటే. మంచి ప్రాంతాల్లో లైసెన్సు కావాలంటే లాటరీ. ఆ ఏడు రాకపోతే ఒక పాయింటు జమవుతుంది. అలా పాయింట్లు కూడబెట్టుకుంటూ పది, పదిహేనేళ్లు ఒక్క లోయ కోసం ఆగేవాళ్లున్నారు. సెప్టెంబరులో విల్లంబుల సీజన్. తెల్లవారుజామున చలిలో ఎత్తైన చెట్ల మధ్య కూర్చుని, జత కోసం మగ ఎల్క్ వేసే ఈలలాంటి కూత ఏ వైపు నుంచి వస్తుందా అని చెవులు రిక్కించి వినడమే ఆ వేటలో సగం. తోడేళ్లు స్థిరపడ్డ రాష్ట్రాల నుంచి వచ్చే వేటగాళ్ల ఫిర్యాదుల్లో ఇదే ముందుంటుంది: ఎల్క్‌లు కూయడం తగ్గింది, బయళ్లు వదిలి దట్టమైన చెట్లలోకి వెళ్లిపోతున్నాయి, పాత దారులు మార్చేశాయి. లెక్కలో ఒక్క ఎల్క్ తగ్గకపోయినా వేటగాడికి మాత్రం అడవి ఖాళీ అయినట్టే ఉంటుంది. మందల సంఖ్యలు చూపించి వేటగాళ్లకు నచ్చజెప్పబోయినవాళ్లు ఈ సంగతి పట్టించుకోలేదు.

ఇక ఆ సంఖ్యల దగ్గరికి వస్తే, వేటగాళ్లు ముందుగా ఎత్తే పేరు ఎల్లోస్టోన్. 1995, 96ల్లో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి ఆ పార్కులో వదిలారు. పార్కు ఉత్తరపు మందలో అప్పుడు సుమారు 19 వేల ఎల్క్‌లుండేవి. 2013 నాటికి 4 వేల లోపుకు పడిపోయాయి. ఎల్క్ వేటగాళ్ల సమావేశాల్లో ఈ రెండు అంకెలూ కనిపించని చోటు లేదు. అంకెలు నిజమే. కానీ ఆ పద్దెనిమిదేళ్లలో అక్కడ జరిగింది ఒక్క తోడేళ్ల రాక మాత్రమే కాదు. గ్రిజ్లీ ఎలుగులు, కొండ సింహాలు (ప్యూమాలు) పెరిగాయి. కరువు పడింది. పార్కు హద్దు దాటి గార్డినర్ ఊరి వైపు దిగే ఎల్క్‌ల మీద చలికాలంలో ప్రత్యేక వేట నడిచేది. కొన్ని ఏళ్లలో ఆ ఒక్క సీజన్లోనే వెయ్యికి పైగా పడేవి, వాటిలో ఎక్కువ భాగం ఈనే వయసు ఆడవి. పైగా 19 వేలన్నది ఆ నేలకు మోయరాని సంఖ్య అని, మేత ఎండిపోతోందని అంతకు ముందు దశాబ్దాల్లో గొడవపడింది కూడా ఇదే మంద గురించి. తోడేళ్ల పాత్ర లేదని ఎవరూ అనలేరు, అంతా వాటి పనే అనడమూ కుదరదు.

రెండో ఉదాహరణ ఐడహో రాష్ట్రంలోని లోలో ప్రాంతం. అక్కడ 1980ల చివర్లో దాదాపు 16 వేల ఎల్క్‌లుంటే, 2010 నాటికి 2 వేలకు అటూ ఇటూ మిగిలాయి. వేటగాళ్లు అక్కడ ఊళ్లు ఖాళీ చేసినంత పని చేశారు, గైడ్లు, గుడారాలు నడిపేవాళ్లు వ్యాపారం మూసుకున్నారు. అయితే ఆ పతనం తోడేళ్లు రాకముందే మొదలైంది. 1910లో జరిగిన పెద్ద కార్చిచ్చు తర్వాత మొలిచిన పొదలే ఎల్క్‌లకు బ్రహ్మాండమైన మేత. ఆ పొదలు ముదిరి చెట్లయ్యాక మేత పోయింది. దానికి తోడు 1996-97 చలికాలం మంచు మందను గట్టిగా దెబ్బతీసింది. తోడేళ్లు వచ్చింది ఆ తర్వాత. కానీ బలహీనపడ్డ మందను కోలుకోనివ్వకుండా తొక్కిపట్టింది మాత్రం ఎక్కువగా అవే. లోలో నుంచి నేర్చుకోవలసింది ఉంటే ఇదే: గట్టి మంద తోడేళ్లను తట్టుకుంటుంది, దెబ్బతిన్న మంద తట్టుకోలేదు.

రాష్ట్రాల మొత్తం చూస్తే కథ పూర్తిగా వేరు. తోడేళ్లు వచ్చి 30 ఏళ్లయ్యాక మోంటానాలో ఎల్క్‌లు 1995 నాటికంటే ఎక్కువే ఉన్నాయి. వ్యోమింగ్, ఐడహోల్లోనూ లక్ష దాటే ఉన్నాయి. చాలా వేట ప్రాంతాల్లో ఎల్క్‌లు మరీ ఎక్కువయ్యాయి, తగ్గించండని రైతులే అడుగుతున్నారు. కొలరాడోకు ఈ లెక్క వర్తింపజేస్తే, ఒక్కో తోడేలు ఏడాదికి 15 నుంచి 20 ఎల్క్‌లను తింటుందనుకుందాం. 200 తోడేళ్లైతే 3 నుంచి 4 వేలు. అదే రాష్ట్రంలో వేటగాళ్లు ఏటా పడగొట్టేవి 40 వేలకు దగ్గర. పైగా తోడేలు ఎక్కువగా పట్టేది దూడలను, ముసలివాటిని, కుంటివాటిని. వేటగాడు కాల్చేది మంచి వయసులో ఉన్నదాన్ని. రాష్ట్రమంతా ఎల్క్‌లు అంతరిస్తాయన్న ప్రచారం ఈ లెక్క ముందు నిలబడదు. తోడేళ్లను వ్యతిరేకించిన సంఘాలు ఆ భయాన్నే ముందు పెట్టి తమ వాదనను తామే బలహీనపరుచుకున్నాయి.

ఎందుకంటే వాళ్ల దగ్గర అంతకన్నా గట్టి వాదన ఉంది. తోడేళ్లు రాష్ట్రమంతా సమానంగా పరుచుకోవు. ఒక మంద ఒక లోయలో స్థిరపడుతుంది. కొలరాడో నైరుతి మూలలో ఎల్క్ దూడలు బతికి బట్టకట్టే శాతం తోడేళ్లు రాకముందు నుంచే తగ్గుతూ వస్తోంది, కారణాల మీద శాఖ ఏళ్లుగా అధ్యయనం చేస్తోంది. వాయవ్య మూలలో 2022-23 చలికాలం మంచుకి జింకలు, ఎల్క్‌లు పెద్ద సంఖ్యలో చచ్చాయి, ఆ తర్వాతి సీజన్‌కు లైసెన్సులు భారీగా కోసేశారు. తోడేళ్లను దించింది ఆ శీతాకాలం తర్వాత వచ్చిన డిసెంబరులోనే. మీకు ట్యాగులు (వేట అనుమతులు) తగ్గిస్తున్నాం, సహకరించండి అని చెప్పిన చేత్తోనే శాఖ తోడేళ్లనూ వదిలితే, ఆ లోయలో వేటాడేవాడికి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఇదే లోయల్లో ఎల్క్‌లను తోడేళ్లకంటే ఎక్కువగా తరుముతున్నవి ఇంకా ఉన్నాయి. వేల్ అనే కొండ పట్నం చుట్టుపక్కల స్కీ రిసార్టులు, కొత్త ఇళ్లు, సైకిల్ ట్రైళ్లు పెరిగిన కొద్దీ అక్కడి మంద దారుణంగా పడిపోయింది. దూడలు ఈనే జూన్ నెలలో జనం కొండల్లో తిరుగుతుంటే ఆడ ఎల్క్ పదేపదే లేచి పారిపోతుంది, దూడ దక్కదు. వేటగాళ్ల సంఘాలు ఇది ఒప్పుకుంటాయి, ట్రైళ్లు మూయించడానికి కొంత పోరాడతాయి కూడా. కానీ తోడేలు మీద లేచిన గొంతులో పదో వంతు కూడా రిసార్టుల మీద లేవదు. తోడేలుకి ముఖం ఉంది, పళ్లున్నాయి. రియల్ ఎస్టేట్‌కి అవి లేవు. ఎల్క్‌లే ముఖ్యమైతే ఈ తేడాకు వేటగాళ్లు జవాబు చెప్పుకోవాలి.

డబ్బు, అధికారం అనే ముడి ఇక్కడే పడుతుంది. ప్రపోజిషన్ 114 ప్రకారం తోడేళ్లను వదలాల్సింది ఖండ విభాజక కొండ వరుసకు పడమట మాత్రమే. ఓటర్లలో అత్యధికులుండేది ఆ వరుసకు తూర్పున, డెన్వర్, బౌల్డర్, అరోరా లాంటి నగరాల్లో. ఈ శివార్లలో ఐటీ ఉద్యోగాల్లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లూ ఆ ఓటర్లలో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఎల్క్ అంటే శరదృతువులో పిల్లల్ని తీసుకుని ఎస్టెస్ పార్క్ వెళ్లినప్పుడు రోడ్డు పక్కన మేస్తూ కనబడే జంతువు. తోడేలు వచ్చేది వేరే చోట, వద్దో కావాలో తేల్చింది ఈ నగరాలు. చెరువు పూడిక తీయడానికి ఏళ్ల తరబడి చందాలు వేసుకున్న ఆయకట్టు రైతులను అడగకుండా, తూములు ఎప్పుడు ఎత్తాలో పట్నం వాళ్లు ఓటేసి తేల్చినట్టు వేటగాళ్లకు అనిపించింది. రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ 1980ల నుంచి పలుమార్లు తోడేళ్లను తేవద్దని తీర్మానించింది, 2016లో మరోసారి చెప్పింది. ఆ కమిషన్‌ను పక్కన పెట్టి నేరుగా బ్యాలెట్‌కు వెళ్లారన్నదే వాళ్ల ప్రధాన ఆరోపణ. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్యాలెట్ బాక్స్ బయాలజీ.

ఆ భయం 2020లో పుట్టింది కాదు. 1992లో కొలరాడో ఓటర్లు వసంతకాలపు ఎలుగు వేటను, ఎరపెట్టి కాల్చడాన్ని, కుక్కలతో తరిమి ఎలుగును వేటాడటాన్ని నిషేధించారు. 1996లో ఉచ్చులను నిషేధించారు. ఒక్కో ఓటుతో ఒక్కో పద్ధతి పోతూ ఉంటే, 2020లో తోడేలు ఆ వరుసలో ఇంకో మెట్టుగా కనిపించింది. ఈరోజు తోడేలు, రేపు కొండ సింహం, ఎల్లుండి ఎల్క్ అని వేటగాళ్లు అంటే అతిశయోక్తి అనుకున్నవాళ్లున్నారు. సరిగ్గా నాలుగేళ్లకు, 2024 నవంబరులో ప్రపోజిషన్ 127 వచ్చింది. కొండ సింహం, బాబ్‌క్యాట్ అనే అడవిపిల్లి వేటను నిషేధించాలన్నది దాని సారాంశం. ఈసారి వేటగాళ్లు గెలిచారు, దాదాపు 55 శాతం మంది వద్దన్నారు. తోడేళ్లకు ఔనన్న రాష్ట్రమే దీనికి కాదన్నదంటే, అక్కడి నగరవాసులు వేటను ద్వేషిస్తున్నారన్న అంచనా తప్పని తేలింది. 2024 ప్రచారంలో వేటగాళ్లు రాష్ట్ర జీవశాస్త్రవేత్తల లెక్కలు, కొండ సింహాల సంఖ్య నిలకడగా ఉన్న సంగతి ముందు పెట్టారు. 2020లో ఎల్క్‌లన్నీ అయిపోతాయన్న భయం ముందు పెట్టారు. ఓటర్లు ఏది విన్నారో ఫలితాలే చెబుతున్నాయి.

డబ్బు వాదనలోనూ బలం ఎంతో, లొసుగు అంతే. తుపాకుల పన్నులో ఇప్పుడు చాలా భాగం కడుతున్నది అసలు వేటకే వెళ్లనివాళ్లు. ఆత్మరక్షణకు పిస్తోలు కొనేవాళ్లు, రేంజ్‌లో గురి ప్రాక్టీసు చేసేవాళ్లు. ఎల్క్‌లు ఎక్కువగా బతికేది జాతీయ అడవుల్లో, వాటి నిర్వహణ దేశంలోని పన్ను చెల్లింపుదారులందరి డబ్బుతో. తోడేళ్ల పునరాగమనానికి వేట లైసెన్సుల డబ్బు ముట్టుకోకూడదని 2021లో కొలరాడో చట్టసభ విడిగా చట్టం చేసింది కూడా. అయినా వేటగాళ్ల అసంతృప్తి చల్లారలేదు. శాఖలో ఉన్న జీవశాస్త్రవేత్తలు, ఆఫీసర్లు పరిమితమే, వాళ్ల రోజులన్నీ తోడేళ్ల వెంట పోతే ఎల్క్‌ల సర్వే ఎవరు చేస్తారని అడుగుతారు. ఇది సబబైన ప్రశ్న. వేటాడేవాళ్లు దేశ జనాభాలో ఐదారు శాతం మించరు. అంత చిన్న వర్గం మీద ఇంత పెద్ద వ్యవస్థ ఆధారపడటమే అసలు లోపం. నగరాల ఓటర్లకు అడవి మీద హక్కు ఉందంటే, దాని ఖర్చులోనూ వాళ్ల వాటా ఉండాలి. ఆ మాట బ్యాలెట్ మీద ఎవరూ పెట్టలేదు.

నిర్ణయం శాస్త్రవేత్తలకు వదలాలన్న వేటగాళ్ల నినాదాన్ని కూడా పరీక్షించాల్సిందే. 2021లో ఐడహో చట్టసభ తోడేళ్ల వేటకు హద్దులు ఎత్తేసింది. ట్యాగుల సంఖ్యకు పరిమితి లేదు, ప్రైవేటు భూముల్లో ఏడాదంతా ఉచ్చులు పెట్టుకోవచ్చు, కాంట్రాక్టు మీద చంపించవచ్చు. ఆ బిల్లు వద్దని ఐడహో వన్యప్రాణి కమిషనే చెప్పింది, అయినా ఆగలేదు. అదే ఏడాది మోంటానా కూడా నియమాలు సడలించాక, 2021-22 సీజన్లో ఎల్లోస్టోన్ మందలకు చెందిన 20కి పైగా తోడేళ్లు పార్కు హద్దు దాటి చనిపోయాయి. విస్కాన్సిన్‌లో సంగతి ఇంకా ఘోరం. అంతరించే జాతులకు సమాఖ్య ప్రభుత్వం ఇచ్చే రక్షణ పోగానే వెంటనే వేట పెట్టాలని ఒక వేటగాళ్ల సంఘం కోర్టుకెళ్లి ఆర్డరు తెచ్చుకుంది. 2021 ఫిబ్రవరిలో గిరిజనేతర వేటగాళ్లకు ఇచ్చిన కోటా 119. మూడు రోజులు నిండకముందే 218 తోడేళ్లను చంపేశారు, అదీ అవి జతకట్టే కాలంలో. తోడేలును సోదరుడిగా భావించి తమ వాటాను చంపకుండా ఉంచుకున్న ఒజిబ్వే తెగల కోటాలోకి కూడా చొచ్చుకుపోయారు. ఏడాదికి ఫెడరల్ కోర్టు మళ్లీ రక్షణ కల్పించింది. వేటగాళ్లకు అప్పగిస్తే ఏం జరుగుతుందో చూశారా అని చూపించడానికి తోడేళ్ల సమర్థకులకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేకుండా పోయింది. కొలరాడోలో మాట మీద నిలబడే వేటగాళ్లు ఆ నష్టం ఇంకా మోస్తున్నారు.

అవతలి పక్షమూ అతి చేసింది. ఎల్లోస్టోన్‌లో తోడేళ్లు రాగానే నదులు దారి మార్చుకున్నాయి, విల్లో పొదలు తిరిగొచ్చాయి అన్న కథ ప్రపంచమంతా తిరిగింది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులే అక్కడ 20 ఏళ్లు కొలతలు తీసి, తోడేళ్లు వచ్చినంత మాత్రాన విల్లోలు పూర్తిగా కోలుకోలేదని, వాగులకు అడ్డుకట్టలు కట్టే బీవర్లు పోయి నీటిమట్టం పడిపోయిన చోట నష్టం అలాగే ఉందని 2024లో ప్రచురించారు. జింకలకు, ఎల్క్‌లకు సోకే ప్రాణాంతకమైన క్రానిక్ వేస్టింగ్ జబ్బును తోడేళ్లు అదుపు చేస్తాయన్నది ఇంకో వాదన. 1967లో ఆ జబ్బును మొదట గుర్తించింది కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే, ఇప్పుడది రాష్ట్రంలోని జింకల మందల్లో సగానికి పైగా పాకింది. జబ్బుపడ్డదాన్నే తోడేలు ముందు పడుతుందన్నది నమ్మదగ్గ ఊహే. అడవిలో అది రుజువు కాలేదు. 2019లో ఒక ఆన్‌లైన్ సర్వేలో 84 శాతం మంది తోడేళ్లకు ఓటేస్తామన్నారు, ఓటు దగ్గరికి వచ్చేసరికి 51 శాతం దాటలేదు. పెద్ద పెద్ద వాగ్దానాలతో తెచ్చిన మద్దతు అలా కరగడంలో వింత లేదు.

వాటంతట అవే వస్తాయి కదా, డబ్బు ఖర్చుపెట్టి తేవడమెందుకు అని వేటగాళ్లు అడిగే ప్రశ్నకు మాత్రం సూటి జవాబుంది. నిజంగానే వస్తున్నాయి. 2020 జనవరిలో మాఫట్ కౌంటీలో ఒక చిన్న మంద కనబడింది, 2021లో జాక్సన్ కౌంటీలో పిల్లలు పుట్టాయి. కానీ వచ్చే దారి వ్యోమింగ్ గుండా. ఆ రాష్ట్రంలో 85 శాతం నేల మీద తోడేలును లైసెన్సు కూడా అక్కర్లేకుండా కనబడిన చోట కాల్చేయవచ్చు. మాఫట్ మందలో కొన్ని ఆ హద్దు దాటాకే పోయాయని నమ్ముతున్నారు. ఆ దారిన స్థిరమైన సంఖ్య ఏర్పడటానికి ఎన్ని తరాలు పడుతుందో.

2023 డిసెంబరు 18న ఒరెగన్ నుంచి తెచ్చిన మొదటి ఐదు తోడేళ్లను గ్రాండ్ కౌంటీలో వదిలారు, ఆ వారంలోనే సంఖ్య పదికి చేరింది. 2025 జనవరిలో బ్రిటిష్ కొలంబియా నుంచి 15 వచ్చాయి. మొదటి ఏడాదే కాపర్ క్రీక్ మంద పశువుల మీద పడి రాంచర్లతో పెద్ద గొడవైంది, మందను పట్టి కొన్ని నెలలు ఉంచి మరో చోట వదిలారు. పట్టుబడ్డ మగ తోడేలుకు అప్పటికే తుపాకీ గాయం ఉంది, కొద్ది రోజుల్లోనే చనిపోయింది. చంపిన పశువుకు 15 వేల డాలర్ల దాకా పరిహారం ఉంది. వేటగాడికి పోయే ఎల్క్‌కి పరిహారం లేదు, ఉండదు కూడా, అది అతని ఆస్తి కాదు కాబట్టి. ఈ రెండు వర్గాలూ కలిసి వేదికలెక్కుతాయి గానీ, వాళ్లకు కావలసింది ఒకటే కాదు. రాంచరుకు కావలసింది తన మంద దగ్గర తోడేలు లేకపోవడం. ప్రచారంలో డబ్బు పెట్టిన రాకీ మౌంటెన్ ఎల్క్ ఫౌండేషన్ లాంటి వేటగాళ్ల సంస్థలు తోడేలు ఉన్న రాష్ట్రాల్లో కోరేది, దాన్ని కూడా ఎలుగులా, కొండ సింహంలా లెక్కగట్టి వేటాడే జంతువుల్లో చేర్చమని.

కొలరాడోలో పీటముడి పడింది సరిగ్గా ఇక్కడే. ప్రపోజిషన్ 114 తోడేలును వేటకు చెందని జాతిగా చట్టంలోనే రాసేసింది. అక్రమంగా చంపితే లక్ష డాలర్ల దాకా జరిమానా, జైలు. 2023 మేలో ఆమోదించిన ప్రణాళిక ప్రకారం వరుసగా నాలుగేళ్లు 50 తోడేళ్లుంటే రక్షణ ఒక మెట్టు తగ్గుతుంది. రెండేళ్లు 150, లేదా ఎప్పుడైనా 200 దాటితే రాష్ట్రంలో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేస్తారు. ఆ తర్వాత వేట ఉంటుందా అన్న నాలుగో దశ ముసాయిదాలో కనిపించింది, తుది ప్రణాళికలో లేదు. వేటగాళ్లను తోడేళ్ల శత్రువులుగా మిగిల్చింది ఎల్క్‌ల లెక్కలకంటే ఎక్కువగా ఈ తొలగింపే. తోడేళ్లు బాగా పెరిగాక అదుపుతో కూడిన వేట ఉంటుందని రాతపూర్వకంగా ఉంటే, ఆ పెరుగుదల వాళ్లకూ లాభమే. అలాంటి హామీ లేనప్పుడు ప్రతి కొత్త కూనా వాళ్లకు నష్టంగానే కనిపిస్తుంది. అవతలివాళ్ల భయమూ ఉత్తిది కాదు, విస్కాన్సిన్‌లో ఆ మూడు రోజులూ అందరికీ గుర్తే. కానీ ఆ భయానికి విరుగుడు కోటాను గట్టిగా కట్టడం, జతకట్టే కాలంలో వేట లేకుండా చేయడం, కోటా నిండగానే గంటల్లో మూసే ఏర్పాటు పెట్టడం. ప్రశ్ననే కాగితం మీద నుంచి కొట్టేస్తే భయం తగ్గదు.

ప్రస్తుతానికి 200 అన్నది చాలా దూరం. వదిలిన 25లో 2025 చివరికే పది దాకా చనిపోయాయి. 2025 అక్టోబరులో సమాఖ్య వన్యప్రాణి సర్వీసు కెనడా నుంచి ఇక తేవద్దని, ఉత్తర రాకీ పర్వత రాష్ట్రాల నుంచే తెచ్చుకోమని ఉత్తరం రాసింది. ఆ రాష్ట్రాల్లో వ్యోమింగ్, ఐడహో, మోంటానా ముందే ఇవ్వమన్నాయి, వాషింగ్టన్ కమిషన్ నవంబరులో కాదంది. ఎప్పటికైనా సంఖ్య పెరిగి తోడేలు జాబితా నుంచి బయటపడినా, వేట విషయంలో శాఖకు సొంతంగా నిర్ణయం తీసుకునే వీలు లేదు. వేటకు చెందని జాతి అన్న మాటను చట్టంలోంచి తీయాలంటే డెన్వర్‌లోని చట్టసభ ఒప్పుకోవాలి, లేదంటే వేటగాళ్లే సంతకాలు సేకరించి అదే ఓటర్ల ముందు ఇంకో బ్యాలెట్ పెట్టాలి.